తాగుడుపై అవగాహన కార్యక్రమం: ర్యాలీతో ఆగిపోకుండా ఎలా నడపాలి

"మా దగ్గర చిన్నపిల్లలు కూడా తాగేస్తున్నారు, ఏదైనా కార్యక్రమం పెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. అడిగే సమయానికే వాళ్ల మనసులో ఒక ర్యాలీ, ఒక బ్యానరు, ఒక డాక్టరుగారి ప్రసంగం సిద్ధంగా ఉంటాయి. ఆ మూడూ చేస్తే ఫొటోలు బాగా వస్తాయి, తాగుడు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పిల్లల చేతికి మద్యం ఏ దారిన వస్తోందో కనుక్కుని, ఆ దారిలో ఉన్న పెద్దవాళ్లతో పదేపదే మాట్లాడాలి. అసలు పని అదే, కింద చెప్పే పద్ధతి అంతా దాని చుట్టూనే ఉంటుంది. పని జరగడానికి మూడు నెలలు, ఫలితం తేలడానికి ఏడాది పడుతుందని ముందే అనుకోండి.

కావలసినవి

- ఆరు నుంచి ఎనిమిది మంది జట్టు. అందులో ఒక ఉపాధ్యాయుడు, ఒక నర్సు లేదా ఆరోగ్య కార్యకర్త, ఇద్దరు తల్లిదండ్రులు, 20 ఏళ్లు దాటిన ఇద్దరు యువకులు ఉండాలి. అందరూ పెద్దవాళ్లే అయితే పిల్లలు నోరు విప్పరు.
- బడి యాజమాన్యం అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం. రెండూ రాతపూర్వకంగా ఉండాలి.
- పేరు రాయనక్కర్లేని ప్రశ్నల చీటీలు, సీలు వేసిన ఒక పెట్టె.
- కొలత గీతలున్న గ్లాసు, మామూలు గ్లాసులు నాలుగైదు, రంగు కలిపిన నీళ్లు.
- సహాయం దొరికే చోట్ల జాబితా (మూడో మెట్టులో వస్తుంది).
- మీ ప్రాంతంలో మద్యం కొనడానికి చట్టం పెట్టిన వయసు ఎంతో స్పష్టంగా. చాలా దేశాల్లో అది 18, జపాన్‌లో 20, అమెరికాలో 21. ఒకే దేశంలో కూడా ప్రాంతాన్ని బట్టి మారొచ్చు కాబట్టి చూసుకున్నాకే పోస్టరు మీదకు ఎక్కించండి.

డబ్బు పెద్దగా అక్కర్లేదు. మద్యం తయారుచేసేవాళ్ల నుంచి, అమ్మేవాళ్ల నుంచి మాత్రం ఒక్క రూపాయి కూడా తీసుకోకండి. వాళ్ల డబ్బుతో అచ్చయిన కరపత్రంలో "బాధ్యతగా తాగండి" అనే మాట ఎలాగో ఒకలా దూరుతుంది. బాధ్యతగా అంటే ఎంతో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

1. లక్ష్యం ఒక్క వాక్యంలో రాయండి

"తాగుడు లేని సమాజం" లక్ష్యం కాదు, నినాదం. "వచ్చే ఆరు నెలల్లో మా పరిధిలోని దుకాణాలన్నీ వయసు రుజువు అడగాలి" అన్నది లక్ష్యం. "పదో తరగతి లోపు పిల్లలకు ఇంట్లోంచి మద్యం అందడం సగానికి తగ్గాలి" అన్నదీ లక్ష్యమే. ఎవరు, ఏం మానాలి, ఎప్పటికి అన్న మూడూ ఆ వాక్యంలో కనపడాలి.

మైనర్ల తాగుడు, పెద్దవాళ్ల అతి తాగుడు వేర్వేరు పనులు. ఒకే సభలో రెండూ కలిపితే పిల్లలకు చెప్పేది పెద్దలకు చిన్నపిల్లల పాఠంలా ఉంటుంది, పెద్దలకు చెప్పేది పిల్లలకు పట్టదు. మొదటి మూడు నెలలకు ఒకటే ఎంచుకోండి.

2. ముందు నిజం తెలుసుకోండి

ఎవరిని అడిగినా "అందరూ తాగుతున్నారండీ" అంటారు. లెక్క అడిగితే మాత్రం ఉండదు. 13 ఏళ్లు దాటిన పిల్లలకు ఈ ఐదు ప్రశ్నలు చాలు:

- గత 30 రోజుల్లో మద్యం తాగావా? (అవును / కాదు)
- నీ ఈడు పిల్లలు పదిమందిలో ఎంతమంది గత 30 రోజుల్లో తాగి ఉంటారని నీ అంచనా?
- తాగితే, అది ఎలా వచ్చింది? (ఇంట్లో తీసుకున్నాను / పెద్దవాళ్లు ఇచ్చారు / స్నేహితుడు ఇచ్చాడు / దుకాణంలో కొన్నాను / ఇతరం)
- ఎక్కడ తాగావు?
- ఈ విషయంలో కష్టమొస్తే మాట్లాడటానికి నీకు తెలిసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జవాబులన్నీ టిక్కు పెట్టేవే అయి ఉండాలి. ఒక్క వాక్యం రాయమన్నా చేతిరాత పట్టిస్తుందని పిల్లలకు తెలుసు. చీటీలు పంచేటప్పుడు క్లాస్ టీచరు బయట ఉండాలి, పెట్టె మీ జట్టు తెరవాలి. పదిమంది కన్నా తక్కువ ఉన్న గుంపు ఫలితాన్ని విడిగా ఎక్కడా చెప్పకండి, ఎవరో ఒకరు దొరికిపోతారు. "ఏ సెక్షన్‌లో ఎక్కువమంది?" అని ప్రిన్సిపాల్ తప్పకుండా అడుగుతారు. చెప్పబోమని అనుమతి కాగితంలోనే రాయించుకోండి.

అన్నిటికన్నా విలువైనవి మొదటి రెండు ప్రశ్నలు. తోటివాళ్లు ఎంతమంది తాగుతున్నారన్న పిల్లల అంచనా సాధారణంగా అసలు సంఖ్య కన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. అందరూ తాగుతున్నారనుకున్న పిల్లవాడికి తాగకపోవడమే వింతగా తోస్తుంది. ఆ తేడా మీ లెక్కల్లోనూ కనపడితే మీ ప్రధాన సందేశం దొరికినట్టే: "మీ బడిలో పదిమందిలో ఎనిమిదిమంది గత నెలలో తాగలేదు." మీ సంఖ్య మీదే అయి ఉండాలి, ఎక్కడో చదివిన సంఖ్య పనికిరాదు. ఒకవేళ సగం కన్నా ఎక్కువమంది తాగినట్టు తేలితే ఈ సందేశం వాడొద్దు, ఎదురు తిరుగుతుంది. అప్పుడు మూడో ప్రశ్న జవాబు మీద, అంటే మద్యం ఎలా అందుతోందన్న దాని మీదే పూర్తిగా పనిచేయండి.

బడి ఒప్పుకోకపోతే ఆరోగ్య కేంద్రంలో, ఆటస్థలాల నిర్వాహకుల దగ్గర విడివిడిగా అడగండి. ఖాళీ సీసాలు, డబ్బాలు ఎక్కడెక్కడ పడి ఉంటున్నాయో రెండు వారాలు చూసి మ్యాపు మీద గుర్తు పెట్టండి. లెక్క అంత కచ్చితంగా రాకపోయినా, ఎక్కడ తాగుతున్నారో బాగానే తెలుస్తుంది.

చీటీల నకలు ఒకటి దాచండి. ఏడాది తర్వాత ఒక్క అక్షరం మార్చకుండా ఇవే ప్రశ్నలు అడగాలి.

3. సభకు ముందే సహాయం జాబితా

ఈ మెట్టు వదిలేసేవాళ్లే ఎక్కువ. సభ అయ్యాక ఒకావిడ వచ్చి "మా ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్లాలి?" అని అడిగితే జట్టంతా ముఖాలు చూసుకుంటుంది. ఆవిడ మళ్లీ రాదు.

జాబితాలోని ప్రతి నంబరుకీ మీరే రెండుసార్లు ఫోన్ చేయండి, ఒకసారి పగలు, ఒకసారి రాత్రి. ఫీజు ఉందా, మైనర్లను చూస్తారా, ఆడవాళ్లకు విడిగా ఏర్పాటు ఉందా, తాగుడు ఆపినప్పుడు వచ్చే ఇబ్బందులకు డాక్టరు ఉంటారా అని అడిగి రాసుకోండి. ఎత్తని నంబరు కొట్టేయండి. 1935లో అమెరికాలో మొదలైన, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతున్నాయి, ఫీజు ఉండదు. కుటుంబసభ్యుల కోసం అల్-అనాన్ విడిగా ఉంది. దగ్గరలో ఉంటే రెండూ చేర్చండి.

హెచ్చరిక: ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవాళ్లను "ఈ రోజే మానెయ్" అని పదిమందిలో ప్రమాణం చేయించకండి. శరీరం అలవాటు పడ్డాక ఒక్కసారిగా ఆపితే ఆరేడు గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావొచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతిభ్రమణం, లేనివి కనపడటం, ప్రాణాపాయం దాకా వెళ్లొచ్చు. ఉదయం లేవగానే చేతులు వణికి, ఒక గుక్క పడితేగాని కుదురుకోని మనిషి డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.

4. చెప్పే విషయాలు నాలుగే ఉంచండి

మొదటిది కొలత. ఎంత తాగుతున్నారో తాగేవాళ్లకే తెలియదు. లెక్క సులువు: మిల్లీలీటర్లను సీసా మీద ఉన్న శాతంతో గుణించి 100తో భాగించండి, వచ్చినదాన్ని 0.789తో గుణిస్తే ఆల్కహాల్ గ్రాముల్లో వస్తుంది. 5 శాతం బీరు 500 మిల్లీలీటర్లలో దాదాపు 20 గ్రాములు. 40 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లలో 19. 8 శాతం స్ట్రాంగ్ బీరు 500 మిల్లీలీటర్లయితే 31 దాటుతుంది. "నేను బీరే తాగుతాను, మందు ముట్టను" అనే మాట ఈ లెక్క ముందు నిలవదు. ఒకే విడతలో 60 గ్రాములు, ఆపైన తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ అతి తాగుడుగా లెక్కిస్తుంది.

రెండోది సమయం. కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాములే వదిలించగలదు. కాఫీ, చన్నీళ్ల స్నానం, నిమ్మరసం ఆ వేగాన్ని పెంచవు.

మూడోది క్యాన్సర్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్య పానీయాలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు దీనితో సంబంధం ఉంది. పొగాకు కూడా అదే వర్గంలో ఉంది కాబట్టి "రెండూ సమానంగా ప్రమాదం" అని కొందరు వక్తలు చెప్పేస్తారు. అది తప్పు. ఆ వర్గం సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. సభలో చదువుకున్న కుర్రాడు ఎవరైనా లేచి ఈ మాట అంటే మిగతా ప్రసంగం అంతా పోయినట్టే.

నాలుగోది మెదడు. తొందరపాటును అదుపుచేసే మెదడు ముందుభాగం ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది. పిల్లలకు వయసు పరిమితి ఎందుకో చెప్పడానికి ఇది చాలు, రసాయనశాస్త్రం అక్కర్లేదు.

5. తల్లిదండ్రుల సమావేశం

మీ శక్తిలో సగం ఇక్కడే పెట్టండి. గంట మించొద్దు, 20 నుంచి 30 మంది చాలు. పెద్ద హాల్లో ఒక్క సభకన్నా చిన్న గదిలో నాలుగు సమావేశాలు మేలు.

మొదటి పది నిమిషాలు రంగునీళ్ల ప్రయోగం చేయండి. ముగ్గుర్ని పిలిచి, మామూలు గ్లాసులో "ఒక పెగ్గు" పోయమనండి. తర్వాత దాన్ని కొలత గ్లాసులోకి వంపి, ఎంతో గట్టిగా చదవండి. నవ్వులు వస్తాయి, ఆ తర్వాత లెక్క తలకెక్కుతుంది. ఇది పెద్దలకు మాత్రమే. పిల్లల ముందు చేస్తే పోయడం నేర్పినట్టవుతుంది.

తర్వాత మూడో ప్రశ్న ఫలితం చూపించండి. ఇంట్లోంచే వస్తోందని తేలితే గదిలో నిశ్శబ్దం పడుతుంది. అప్పుడు నిందించకుండా మూడు విషయాల మీద ఒప్పందం అడగండి: ఇంట్లో ఉన్న సీసాలు తాళం కింద ఉంటాయి, పిల్లల చేత తెప్పించం, మన ఇంట్లో జరిగే ఏ వేడుకలోనూ ఎవరి పిల్లలకూ ఇవ్వం.

ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "మా ముందు కొద్దిగా అలవాటైతే బయట అతిగా తాగరు కదా?" సిద్ధంగా ఉండండి. పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో దీనికి వ్యతిరేకమే కనపడింది. తల్లిదండ్రులు ఇచ్చిన పిల్లలకు తర్వాత అతి తాగుడు ముప్పు తగ్గలేదు, బయటి నుంచి తెచ్చుకోవడమూ ఆగలేదు.

ఇంటికి వెళ్లే ముందు ప్రతివాళ్లూ పక్కవాళ్లతో ఈ మాట ఒకసారి పైకి అని చూడాలి: "ఎక్కడైనా ఇబ్బందిగా అనిపిస్తే ఏ టైమైనా ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకొస్తాను. ఆ రాత్రి ఏమీ అడగను, మర్నాడు మాట్లాడుకుందాం." వినడానికి తేలిక. చాలామంది నోట "మర్నాడు" అన్న మాటే రాదు, అందుకే సాధన చేయించాలి.

6. పిల్లలతో

ఒక్క గంట ఉపన్యాసం దండగ. నలభై నిమిషాల చొప్పున కనీసం నాలుగుసార్లు, వారం వారం వెళ్లండి. 10–12, 13–15, 16–17 ఏళ్ల గుంపులు వేరుగా ఉండాలి.

చేయకూడనివి ముందు చెప్పాలి, ఎందుకంటే అందరూ చేసేవి ఇవే. కుళ్లిన కాలేయం ఫొటోలు చూపకండి. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే జబ్బు పద్నాలుగేళ్లవాడికి తనది అనిపించదు. తాగుడు మానేసిన వ్యక్తి చేత జీవితకథ చెప్పించకండి. పిల్లలు "తాగినా బాగుపడి వేదికెక్కాడు" అన్నదే గుర్తుపెట్టుకోవచ్చు. ఆయన్ని తల్లిదండ్రుల సమావేశానికి పిలవండి, అక్కడ బాగా పనికొస్తారు. చేతులు చాచి చేసే సామూహిక ప్రతిజ్ఞలు కూడా వద్దు. అప్పటికే ఒకసారి రుచి చూసిన పిల్లవాడు ఆ క్షణంలో అబద్ధం ఆడాల్సి వస్తుంది, ఇక మీతో నిజం చెప్పడు.

చేయాల్సినవి: మొదటి తరగతిలో చీటీల ఫలితం చెప్పి, తమ అంచనాకూ దానికీ తేడా వాళ్లనే లెక్కకట్టనివ్వండి. రెండో, మూడో తరగతుల్లో కాదనడం సాధన చేయించండి. జవాబు పది మాటలు దాటకూడదు, కారణాలు చెప్పకూడదు. కారణం చెబితే ఎదుటివాడు వాదనకు దిగుతాడు. "వద్దురా, నాకిష్టం లేదు" అని అక్కణ్నుంచి కదలడం చాలు. ఇచ్చేవాడి పాత్ర జట్టులోని యువకుడు వేయాలి, పిల్లల చేత వేయించకండి. ఆ పాత్రకే చప్పట్లు పడతాయి.

నాలుగో తరగతి ప్రమాదం గురించి. స్నేహితుడు తాగి పడిపోతే ఏం చేయాలో చెప్పడం తాగమని చెప్పడం కాదు. పిలిచినా గిల్లినా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిదికన్నా తక్కువ శ్వాసలు, రెండు శ్వాసల మధ్య పది సెకన్లు దాటడం, పెదవులు నీలంగా మారడం, ఒళ్లు చల్లబడటం, మూర్ఛ: వీటిలో ఒక్కటి కనపడినా అంబులెన్సుకు ఫోన్ చేయాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, వాంతి గొంతుకు అడ్డం పడకుండా. ఒంటరిగా వదలకూడదు. బలవంతంగా వాంతి చేయించకూడదు, కాఫీ పట్టకూడదు, నీళ్లు గుమ్మరించకూడదు. "పడుకుంటే దిగిపోతుంది" అన్నది ప్రాణాలు తీసే మాట. ఆఖరి గుక్క తర్వాత కూడా గంటన్నర దాకా రక్తంలో ఆల్కహాల్ పెరుగుతుండొచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టడం ఒకరి మీద ఒకరు చేసి చూడాలి, బొమ్మ చూపిస్తే రాదు.

తరగతి తర్వాత ఎవరైనా పిల్లవాడు "మా నాన్న తాగొచ్చి కొడతాడు" అని చెప్పొచ్చు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. "నీకు సహాయం చేయగలిగేవాళ్లకు మాత్రమే చెబుతాను" అనండి. ఎవరికి చెప్పాలో, మీ దగ్గర చట్టం ఏం అడుగుతుందో మొదటి తరగతికి ముందే తెలిసి ఉండాలి.

7. అమ్మేవాళ్ల దగ్గరికి

ముందు మర్యాదగా వెళ్లి మాట్లాడండి, వయసు నియమం రాసిన కాగితం ఇచ్చి కౌంటరు దగ్గర అంటించమనండి. పాతికేళ్ల లోపు కనిపించే ప్రతి ఒక్కరినీ గుర్తింపు కార్డు అడగడమే తేలిక నియమం అని చెప్పండి. బ్రిటన్‌లో చాలా దుకాణాలు పాటించే పద్ధతి అది. అంచనా వేసే భారం గుమాస్తా మీద పడదు.

నెల తర్వాత చూసుకోండి. చట్టప్రకారం వయసు దాటినా చిన్నగా కనిపించే యువకుడిని పంపి, కార్డు అడిగారా లేదా నమోదు చేయండి. మైనరును మాత్రం ఎప్పుడూ పంపకండి, అది మీ మీద కేసు అవుతుంది. అడిగిన దుకాణానికి అదే వారం వెళ్లి థాంక్స్ చెప్పండి. అడగనివాళ్లకు రెండో అవకాశం ఇచ్చి, ఆ తర్వాతే అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

8. పోస్టర్లు, ఫోన్ గ్రూపులు

ఒక పోస్టరుకు ఒక మాట, కింద పెద్ద అక్షరాల్లో సహాయం నంబరు. సీసా, గ్లాసు బొమ్మలు వద్దు. మానాలని కష్టపడుతున్నవాడికి అవి తాగాలన్న కోరిక పుట్టిస్తాయి. "తాగుబోతు" అని ఎక్కడా రాయకండి, తమను తిట్టే కాగితంలోని నంబరుకు ఎవరూ ఫోన్ చేయరు. తాగి పడిపోయినవాళ్ల వీడియోలు గ్రూపులో పెట్టేవాళ్లను ఆపండి.

పెద్దవాళ్లకు తమను తాము చూసుకునే సాధనం ఒకటి ఇవ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ ప్రశ్నావళిలో పది ప్రశ్నలు ఉంటాయి, మొత్తం 40 మార్కులు. 8, ఆపైన వస్తే తగ్గించుకోవాలి. 20, ఆపైన వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కాగితం ఇంటికి పంపండి, సభలో నింపించకండి. మైనర్లకు ఈ హద్దులు వర్తించవు.

ఫలితం ఎలా చూసుకోవాలి

ఎంతమంది సభకు వచ్చారు, ఎన్ని కరపత్రాలు పంచారు అన్నవి మీరు పడ్డ శ్రమ లెక్కలు. చూడాల్సినవి మూడు: కార్డు అడుగుతున్న దుకాణాలు ఎన్ని, సహాయ కేంద్రాలకు మీ ప్రాంతం నుంచి వెళ్లే ఫోన్లు ఎన్ని (పేర్లు అడగకండి, నెలవారీ సంఖ్య చాలు), ఏడాది తర్వాత చీటీల జవాబులు.

చీటీలు మొదటిసారి ఏ నెలలో పంచారో మళ్లీ అదే నెలలో పంచండి. సెలవుల తర్వాత ఒకసారి, పరీక్షల ముందు ఒకసారి అడిగితే పోలిక చెడుతుంది. ఫోన్లు పెరిగితే కంగారు పడకండి, తాగుడు పెరిగిందని కాదు, నంబరు చేరిందని. రెండోసారి "అవును" టిక్కులు కొద్దిగా పెరగొచ్చు, పిల్లలకు చీటీ మీద నమ్మకం కుదిరితే అలా జరుగుతుంది. అప్పుడు మూడో ప్రశ్న చూడండి. "పెద్దవాళ్లు ఇచ్చారు" తగ్గితే దారి సరైనదే.

మూడూ కదలకపోతే పోస్టర్లు పెంచడం కాదు మార్గం. పిల్లలు సాయంత్రాలు ఎక్కడ, ఎవరితో గడుపుతున్నారో చూడండి. ఐస్‌లాండ్‌లో 15–16 ఏళ్ల పిల్లల్లో గత 30 రోజుల్లో మత్తెక్కేలా తాగినవాళ్లు 1998లో 42 శాతం ఉంటే, 2016 నాటికి 5 శాతానికి పడిపోయారు. అక్కడ భయపెట్టే ప్రచారం మీద ఆధారపడలేదు. ప్రతి ఏటా ఇలాంటి చీటీలే నింపించి ఫలితాన్ని ఆ బడి తల్లిదండ్రులకే ఇచ్చారు, ఆటలకూ సంగీతానికీ డబ్బు సాయం పెంచారు, రాత్రి పొద్దుపోయాక పిల్లలు బయట తిరగకుండా తల్లిదండ్రులు తమలో తాము ఒప్పందాలు చేసుకున్నారు. మీ దగ్గర నాలుగో ప్రశ్నకు "మైదానం వెనక" అని ఎక్కువ టిక్కులు పడి ఉంటే, వచ్చే మూడు నెలల పని ఆ మైదానంలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా లైటు, ఆట, ఒక పెద్దమనిషి ఉండేలా చూడటమే.